పేరు లేకుండా పిల్లల మనసు దోచిన రచయిత
తెనాలి సీమ నుంచి మద్రాసుకు వెళ్లిన దాసరి సుబ్రహ్మణ్యం

పల్నాటి పిల్లలకు వీరగాథలు కొత్త కావు. కారెంపూడి తిరునాళ్లలో బాలచంద్రుని కథ వింటూ పెరిగినవారే అందరూ. అయితే ఒక తరం పల్నాటి కుర్రవాళ్లకు బాలచంద్రునితో పాటు మరికొందరు వీరులు కూడా బాగా తెలుసు. ఖడ్గవర్మ, జీవదత్తుడు, శిఖిముఖి, విక్రమకేసరి, జయశీలుడు, సిద్ధసాధకుడు. వీరంతా 'చందమామ' మాసపత్రికలో నెలనెలా వచ్చిన సీరియల్ కథల వీరులు. ఈ పేర్లు నోటికి వచ్చిన పిల్లలలో చాలామందికి ఆ కథలు ఎవరు రాశారో మాత్రం తెలియదు. రాసిన వ్యక్తి మన పొరుగువాడే. ఆయన దాసరి సుబ్రహ్మణ్యం.

సుబ్రహ్మణ్యం 1932 అక్టోబరు 25న నాటి గుంటూరు జిల్లా తెనాలి ప్రాంతంలో జన్మించారు. అప్పటికి పల్నాడు కూడా గుంటూరు జిల్లాలోనిదే. 2022 ఏప్రిల్‌లోనే కదా నరసరావుపేట కేంద్రంగా పల్నాడు వేరు జిల్లా అయింది. ఆ రోజుల్లో రాత నేర్చిన తెలుగు యువకుడికి బతుకుతెరువు చూపించే నగరం మద్రాసు. సినిమాలు అక్కడే, అచ్చుయంత్రాలు అక్కడే, పత్రికలు అక్కడే. ఆయన కూడా ఆ దారినే పోయి 1952లో చందమామ కార్యాలయంలో చేరారు. అప్పుడు ఆయన వయసు ఇరవై ఏళ్లు.

చందమామను నాగిరెడ్డి, చక్రపాణి 1947 జూలైలో ప్రారంభించారు. చక్రపాణిది తెనాలి. సుబ్రహ్మణ్యం చేరిన సంవత్సరమే పత్రిక బాధ్యత చేపట్టిన కొడవటిగంటి కుటుంబరావుదీ తెనాలే. పత్రికలో రాజారావు రాసిన 'విచిత్ర కవలలు' అనే సీరియల్ అప్పటికే పిల్లలను ఆకట్టుకొంది. ఆ తరువాత అటువంటి సాహస గాథలు రాసే పని యువకుడైన సుబ్రహ్మణ్యం మీద పడింది.

1954లో ఆయన మొదటి సీరియల్ 'తోకచుక్క' ఆరంభమైంది. సేనాని సమరసేనుడు, మాంత్రికులు ఏకాక్షి, చతుర్నేత్రుడు ఆ కథలో ప్రధాన పాత్రలు. అటుపైన 'మకరదేవత', 'ముగ్గురు మాంత్రికులు', 'కంచుకోట', 'జ్వాలాద్వీపం', 'రాకాసిలోయ' వరుసగా వచ్చాయి. 1960ల నడుమ కొంతకాలం ఆయన సీరియళ్లు ఆగి, ఆ స్థానంలో బంకించంద్రుని నవలల అనుసరణలు వెలువడ్డాయి. తిరిగి 'పాతాళదుర్గం'తో ఆయన కలం సాగింది. 'శిథిలాలయం', 'రాతిరథం', 'యక్షపర్వతం', 'మాయాసరోవరం', 'భల్లూకమాంత్రికుడు' ఆ వెనుక వచ్చినవే. మొత్తం పన్నెండు.

ఈ కథల పని తీరు గమనించదగినది. ప్రతి నెలా ముందుగా జరిగిన కథ నాలుగు మాటల్లో చెబుతారు. తరువాత వీరులు అడవిలోనో, కొండ గుహలోనో ఒక ఆపదలో నుంచి బయటపడి ఇంకొక ఆపదలో చిక్కుకుంటారు. సరిగ్గా అక్కడ ఆ నెల భాగం ముగుస్తుంది. మళ్లీ నెల వచ్చేదాకా పిల్లవాడికి స్థిమితం ఉండదు. భాష మాత్రం ఇంట్లో మాట్లాడుకునే తేట తెలుగు. అక్షరాలు కూడబలుక్కునే పిల్లవాడికీ, మీసం వస్తున్న కుర్రవాడికీ, పక్కన కూర్చుని వినే అమ్మమ్మకూ అర్థమయ్యేది. ఎత్తిపోతల జలపాతం, చంద్రవంక లోయ, నల్లమల కొండలు చూసి ఎరిగిన మాచర్ల పిల్లలకు రాకాసిలోయ ఎంతో దూరాన ఉన్నట్లు తోచేది కాదు.

ఆ కథలకు బొమ్మలు వేసినవారు చిత్ర. ఆయన అసలు పేరు టి.వి. రాఘవన్. రాక్షసులకు, మాంత్రికులకు, వింత జంతువులకు ఆయన గీతలే రూపం ఇచ్చాయి. బొమ్మల పక్కన చిత్ర సంతకం ఉండేది. కథకు రచయిత పేరు ఉండేది కాదు. కార్యాలయంలో పనిచేసేవారు రాసినవి పేరు లేకుండా అచ్చు కావడం చందమామ పద్ధతి. జీతం తీసుకుని రాసిన రాత పత్రికదే. తెలుగులో రాసిన ఆ కథలు తమిళం, కన్నడం, హిందీ, మరాఠీ తదితర భాషల చందమామల్లోకి వెళ్లాయి. దేశంలో ఎందరో పిల్లలు వాటిని తమ భాషలోని కథలుగానే చదువుకున్నారు.

దీనిలో ఒక నష్టం ఉంది. పద్యం రాసినవాడికి సభ ఉంది, నవల రాసినవాడికి అట్ట మీద పేరు ఉంది. పాతికేళ్ల పాటు పిల్లల చేత పుస్తకం పట్టించినవాడికి ఊళ్లో పలకరింపు కూడా లేకపోయింది. తల్లిదండ్రులు సైతం వాటిని మాయలు మంత్రాల కథలని తేలికగా చూశారు. కాని బడిపుస్తకం తప్ప మరొకటి కనబడని పల్లెల్లో ఎందరికో చదివే అలవాటు పట్టుబడింది ఆ కథల వల్లనే.

ఆయన మాత్రం ఆ కొలువు విడిచిపెట్టలేదు. చక్రపాణి 1975లో, చిత్ర 1978లో, కుటుంబరావు 1980లో కన్నుమూశారు. 1998లో పత్రిక ఆగి, 1999లో మళ్లీ వెలువడింది. అన్ని మార్పులూ చూస్తూ సుబ్రహ్మణ్యం 2006 దాకా చందమామలో ఉన్నారు. ఇరవై ఏళ్లవాడు చేరి యాభై నాలుగేళ్ల తరువాత బయటికి వచ్చారు.

చిన్ననాడు చదివినవారు పెద్దవారై, ఆ కథలు రాసింది ఎవరని వెతికి కనుక్కున్నది ఆయన వృద్ధాప్యంలో. 2010 జనవరి 27న ఆయన మరణించారు. అటు తరువాత ఆ సీరియళ్లు ఆయన పేరుతోనే పుస్తకాలుగా వెలువడ్డాయి. చందమామ పత్రిక కూడా ఇప్పుడు రావడం లేదు. కథలు మాత్రం మిగిలాయి.

పల్నాడు శాఖా గ్రంథాలయాల్లో పిల్లల అలమర ఉన్నచోట ఆ పుస్తకాలకు స్థానం కల్పించడం ఉచితం. మనుమడికి 'పాతాళదుర్గం' చదివి వినిపించే తాతలు, కథ మొదలుపెట్టేముందు రాసినవారి పేరు ఒక్కసారి చెబితే, ఆయనకు పత్రికలో దక్కనిది ఇంట్లోనైనా దక్కుతుంది.