పడవల ఊరి నుంచి సైకిల్ మీద ప్రపంచానికి: రామనాథ్ బిశ్వాస్ కథ

బంగ్లాదేశ్ ఈశాన్య మూలన, హబీగంజ్ జిల్లాలో బనియాచంగ్ అనే ఊరుంది. ఆసియాలోకెల్లా పెద్ద పల్లె తమదేనని అక్కడివాళ్లు గర్వంగా చెప్పుకుంటారు. ఊరి చుట్టూ హావర్లు, అంటే వానాకాలంలో కనుచూపు మేర నీరు నిలిచే పల్లపు నేలలు. భారీ వరదల్లో కొల్లేరును చూసినవాళ్లు ఆ దృశ్యాన్ని కొంతవరకు ఊహించుకోగలరు. ఏడాదిలో దాదాపు సగం రోజులు నీళ్లు, మిగతా సగం వరిచేలు. వానల్లో ఇంటి నుంచి బడికి, బజారుకు పడవే దిక్కు. నీళ్లు తీశాక గట్ల మీద కాలినడక. ఇలాంటి చోట, 1894 జనవరి 13న పుట్టిన రామనాథ్ బిశ్వాస్ సైకిల్ మీద ఖండాలు దాటారు. బెంగాలీ పాఠకులకు బాగా తెలిసిన ఈ పేరు మనదాకా పెద్దగా రాలేదు.

చదువు ఎనిమిదో తరగతితో ఆగిపోయింది. తండ్రి పోవడంతో బడి మాని, హబీగంజ్‌లో స్వదేశీ ఉద్యమకారులు నడిపే ఒక సంస్థలో చేరారు. ఆ సంస్థకు మోటారు మరమ్మతుల షెడ్డు ఉండేది. బండి నడపడం, చక్రాలు విప్పి బిగించడం అక్కడే పట్టుబడ్డాయి. సైకిలూ ఆ రోజుల్లోనే వచ్చింది. మరోపక్క రహస్య విప్లవ సంఘం అనుశీలన్ సమితితో సంబంధం పెట్టుకున్నారు. అది బయటపడేసరికి ఉద్యోగం ఊడింది. తర్వాత మొదటి ప్రపంచ యుద్ధంలో బెంగాలీ పల్టన్‌లో చేరి మెసపటోమియా వెళ్లారు. బ్రిటిష్ వాళ్లను వెళ్లగొట్టాలన్న సంఘంలో పనిచేసిన మనిషే బ్రిటిష్ సైన్యంలో చేరడం ఇప్పుడు విడ్డూరంగా తోచవచ్చు. ఆయుధం పట్టడం నేర్చుకోవడానికి, ఊరు దాటడానికి అప్పటి బెంగాలీ యువకులకు దొరికిన దారుల్లో అదొకటి. 1924లో బతుకుదెరువు కోసం మలయా చేరారు.

1931 జులై 7న సింగపూర్‌లోని క్వీన్ స్ట్రీట్ నుంచి ఆయన ప్రపంచయాత్ర మొదలైంది. సామాను చెప్పుకోవడానికి ఏమీ లేదు. ఒక జత చెప్పులు, రెండు దుప్పట్లు, సైకిల్ బాగుచేసుకునే పనిముట్ల పెట్టె. తాను ప్రపంచయాత్రకు బయల్దేరిన హిందూ దేశపు మనిషినని తెలిపే రాత సైకిల్ మీద ఉండేది. అప్పట్లో విదేశాల్లో ఆ మాట మతానికే పరిమితం కాదు, భారతీయుడన్న అర్థంలోనూ వాడేవారు. సాగనంపడానికి అక్కడి భారతీయులు గుమిగూడారు. మలయా అప్పటికే మనవాళ్ల చెమటతో తడిసిన నేల. తోటల్లో తమిళులతో పాటు ఉత్తరాంధ్ర నుంచి వలస వెళ్లిన తెలుగు కూలీలూ ఉండేవారు.

సైకిల్ మీద లోకం చుట్టాలన్న ఆలోచన ఆయనదే మొదటిది కాదు. 1923లో బొంబాయి నుంచి బయల్దేరిన పార్సీ యువకుల్లో ముగ్గురు 1928లో తిరిగొచ్చారు. 1926లో కలకత్తా నుంచి విమల్ ముఖర్జీ మరో ముగ్గురితో కలిసి వెళ్లారు. రామనాథ్‌కు తోడెవరూ లేరు. మొదలుపెట్టేనాటికి వయసు ముప్పై ఏడు, అంటే కుర్రతనపు సరదా కూడా కాదు.

మలయా తర్వాత సయాం, ఇండోచైనా. వరి, కాలువ, ఏరు, మళ్లీ వరి. అక్కడ పల్లపు దేశాల్లో ఊళ్లు నీటి గట్లనే పట్టుకుని ఉంటాయి. హావర్ మనిషికి ఇవి కొత్త కాదు. అలాంటి చోట సైకిల్ ఏం చేయగలదో కాస్త ఆగి చూడాలి. ఆ కాలపు మామూలు సైకిల్‌కి గేర్లుండవు. బరువెక్కువ. కొండెక్కాలంటే దిగి తోయాల్సిందే. చదును నేల మీద మాత్రం దానికి తిరుగులేదు. వేసవిలో గట్టిపడ్డ కాలువ గట్టే రోడ్డు. వాన పడితే అదే గట్టు బురద, చక్రం తిరగదు. రేవు వస్తే సైకిల్‌ని పడవలోకి ఎక్కించాలి. రైలు స్టేషన్ల మధ్య ఉన్న ఊళ్లన్నీ సైకిల్‌కి ఎదురవుతాయి. దాహం వేస్తే ఆగాలి, ట్యూబు పేలితే ఆగాలి, చీకటి పడితే ఎవరో ఒకరి గుమ్మం ముందు నిలబడాలి. తెల్లదొరల ప్రయాణాల్లో కూలీలు, సిఫారసు ఉత్తరాలు, బంగళాలు ఉండేవి. ఈయన నమ్ముకున్నది దారిలో తగిలే మనుషులనే.

చైనా, కొరియా, జపాన్ మీదుగా కెనడా వరకు వెళ్లి 1934లో ఇల్లు చేరారు. అదే ఏడాది మళ్లీ కదిలారు. ఈసారి పడమరకు: అఫ్గానిస్తాన్, పర్షియా, ఇరాక్, సిరియా, టర్కీ, అక్కణ్ణుంచి యూరప్ గుండా ఇంగ్లండ్. ఆరోగ్యం దెబ్బతిని 1936లో ఓడెక్కి తిరిగొచ్చారు. మనిషి కుదుటపడగానే 1938లో మూడోసారి, తూర్పు ఆఫ్రికా నుంచి దక్షిణాఫ్రికా దాకా, తర్వాత అమెరికా. 1940లో వెనక్కి. మూడు యాత్రలూ కలిపి సైకిల్ మీదే యాభై మూడు వేల మైళ్లని చెబుతారు. కాలినడక, రైలు, ఓడ దీనికి అదనం.

అయితే మైళ్ల లెక్కలో ఆయన కథలో సగమే దొరుకుతుంది. చేతిలో ఉన్నది బ్రిటిష్ పాలనలోని భారతీయుడి పాస్‌పోర్టు. ఒంటి రంగు నలుపు. దక్షిణాఫ్రికాలో, అమెరికాలో ఏ హోటల్ గదిస్తుంది, ఏ బండిలో ఎక్కడ కూర్చోవాలి, ఏ పేటలో తల దాచుకోవచ్చు అన్నవి రంగును బట్టే తేలేవి. యాత్రా సాహిత్యంలో సాధారణంగా చూసేవాడు పైన, కనబడేవాడు కింద ఉంటాడు. రామనాథ్ పుస్తకాల్లో ఈ వరుస తరచుగా తిరగబడుతుంది. చూస్తున్న మనిషినే అవతలివాళ్లు తేరిపార చూసి, తూకం వేసి, తలుపు తీయాలో వద్దో నిర్ణయిస్తుంటారు.

రాత ముప్పై పుస్తకాల దాకా సాగింది. అంధకారేర్ ఆఫ్రికా, ఆజ్‌కేర్ ఆమెరికా, లాల్ చీన్ వాటిలో కొన్ని. పత్రికల్లో అచ్చయినా, పుస్తకంగా వేసేందుకు ప్రచురణకర్తలు వెనకాడడంతో సొంతంగా పర్యాటక ప్రకాశనా భవన్ పెట్టుకున్నారు. లోపాలు లేవని కాదు. ఒక్క రాత్రి గడిపిన ఊరిని బట్టి మొత్తం జాతి మీద తీర్పు చెప్పేయడం యాత్రికుల పాత జబ్బు, ఈయనా దానికి అతీతుడు కాదు. చీకటి ఖండం అన్న తెల్లవాళ్ల ఊహే ఆఫ్రికా పుస్తకం పేరులోకీ వచ్చి కూర్చుంది. లోపలి పేజీల్లో మాత్రం చీకటిగా కనిపించేది వర్ణవివక్షే.

ఇన్ని సరిహద్దులు దాటిన మనిషికి చివరికి అడ్డం పడింది సొంతూరి సరిహద్దు. బనియాచంగ్ ఉన్న సిల్హెట్ జిల్లా అప్పట్లో అస్సాంలో భాగం. భారత్‌లో ఉండాలా, పాకిస్తాన్‌లో కలవాలా తేల్చడానికి 1947 జులై 6, 7 తేదీల్లో అక్కడ ఓటింగ్ జరిపారు. రామనాథ్ సింగపూర్‌లో సైకిలెక్కి ఆ జులై 7కి సరిగ్గా పదహారేళ్లు. తూర్పు పాకిస్తాన్ వైపు 2,39,619 ఓట్లు, అస్సాం వైపు 1,84,041. విభజన తర్వాత ఆయన కలకత్తా చేరారు. 1955 నవంబరు 1న అక్కడే కన్నుమూశారు. బనియాచంగ్‌లో పుట్టినిల్లు అలాగే ఉండిపోయింది. యజమానులు సరిహద్దు దాటిపోయిన ఇళ్లకు రెండు బెంగాళ్లలోనూ, పంజాబ్‌లోనూ ఏం జరిగిందో దానికీ అదే జరిగింది. ఇతరుల చేతుల్లోకి వెళ్లింది.

ఆయన పోయాక అరవై ఏడేళ్లకు, 2022 సెప్టెంబరులో, ఆ ఇంటి సంగతి రాయడానికి వెళ్లిన విలేకరులపై దాడి జరిగింది. అప్పటిదాకా ఆయన పేరు విననివాళ్లు కూడా ఈ రామనాథ్ ఎవరని వెతికారు. బంగ్లాదేశ్ సైకిల్ యాత్రికులు కదిలారు. ఇంటిని ఆక్రమణ నుంచి విడిపించి ఆయన స్మారకంగా నిలపాలన్నది వాళ్ల డిమాండ్. వాళ్లలో ఎక్కువమంది ఆయన పోయిన ఎన్నో ఏళ్లకు, ఆయన బతికుండగా లేని ఒక దేశంలో పుట్టినవాళ్లు.