పొరల మధ్య దాగిన విద్యుత్తు – మాక్స్‌వెల్ మహాశయుడు

విద్యుత్ శాఖలో పనిచేసి రిటైరైన మనలో మాక్స్‌వెల్ పేరు వినని వారు అరుదు. ఆయన అనగానే విద్యుదయస్కాంత సమీకరణాలే గుర్తుకు వస్తాయి. నేను మాత్రం కేబుల్‌పై పనిచేసే కార్మికుని ప్రాణానికి సంబంధించిన ఆయన కృషిని ఈ ప్రత్యేక సంచికలో స్మరించదలచాను.

జేమ్స్ క్లర్క్ మాక్స్‌వెల్ 1831 జూన్ 13న స్కాట్లండ్‌లోని ఎడింబరోలో జన్మించారు. ఎనిమిదేళ్ళకే తల్లిని పోగొట్టుకున్నారు. బడిలో తోటిపిల్లలు వెర్రివాడని ఎగతాళి చేసేవారు. ఆ పిల్లవాడే 14వ ఏట అండాకార వక్రరేఖలపై వ్యాసం వ్రాశాడు. చిన్నవాడు కావడంతో రాయల్ సొసైటీ ఆఫ్ ఎడింబరోలో దానిని ఒక ప్రొఫెసరు చదివి వినిపించారు. 1856లో ఆబర్డీన్‌లో ప్రొఫెసరయ్యారు. 1860లో అక్కడి రెండు కళాశాలలు విలీనం కావడంతో ఉద్యోగం పోయింది. లండన్‌లో అయిదేళ్ళు పనిచేసి, 1865లో స్వస్థలం గ్లెన్‌లేర్ చేరారు. 1871లో కేంబ్రిడ్జిలో ప్రొఫెసరయ్యారు. విద్యుత్తు, అయస్కాంతత్వాలపై ఆయన మహాగ్రంథం 1873లో వెలువడింది.

ఆ రోజుల్లో లేడెన్ జాడీ ఒక వింత చూపేది. దానిని పూర్తిగా డిశ్చార్జి చేసి కొంతసేపు వదిలేస్తే, మళ్ళీ చార్జి కనిపించేది. మాక్స్‌వెల్ తన గ్రంథంలో దీనికొక కారణం చూపారు. రెండు వేర్వేరు ఇన్సులేషన్ పొరలు ఆనుకుని ఉంటే, వాటిలో విద్యుత్తు ప్రవహించే తీరు ఒకేలా ఉండదు. ఒక పొర తెచ్చినంత చార్జిని రెండవది తీసుకుపోలేదు. మిగిలినది సరిహద్దులో పేరుకుంటుంది. రెండు కొనలనూ క్షణకాలం కలిపినంత మాత్రాన అది పోదు. నెమ్మదిగా బయటికి వస్తుంది. విడివిడిగా ఏ దోషమూ లేని పొరలు సైతం కలిస్తే ఇలా ప్రవర్తిస్తాయని లెక్కకట్టి చూపడమే ఆయన గొప్పతనం.

1879 నవంబరు 5న, 48వ ఏట, తల్లిని బలిగొన్న ఉదర క్యాన్సర్‌తోనే ఆయన కన్నుమూశారు. 1914లో జర్మనీకి చెందిన వాగ్నర్ ఈ సిద్ధాంతాన్ని విస్తరించారు. అందుకే దీనికి ఇద్దరి పేర్లూ పెట్టారు. నేటి ఎలక్ట్రానిక్స్‌లో కొన్ని సెరామిక్ కెపాసిటర్లు ఈ గుణం ఆధారంగానే పనిచేస్తున్నాయి.

నేను టెస్టింగ్ విభాగంలో ఉన్నప్పుడు ట్రాన్స్‌ఫార్మర్లకు మెగ్గర్ పెట్టి 1వ, 10వ నిమిషాల రీడింగులు వ్రాసుకునేవాళ్ళం. నూనె, కాగితం పొరల్లో చార్జి నెమ్మదిగా సర్దుకోవడం వల్లనే రీడింగు పెరుగుతూ పోయేది. తేమ పట్టినదైతే అంతగా పెరగదు. పరీక్ష ముగిశాక ఎర్త్ రాడ్ ఒకసారి తాకించి తీసేయకూడదనీ, పని పూర్తయ్యేదాకా ఎర్తు ఉంచాలనీ మన పెద్దలు పట్టుబట్టడానికి కారణం కూడా ఇదే. మన పిల్లల్లో ఈ వృత్తిలో ఉన్నవారికి ఈ ఒక్క మాట తప్పక చెప్పవలసిందిగా మనవి.