రామానుజన్ చదివిన పుస్తకం

శ్రీనివాస రామానుజన్ 1887 డిసెంబరు 22న నేటి తమిళనాడులోని ఈరోడులో, మాతామహుల ఇంట జన్మించారు. పెరిగింది కుంభకోణంలో. తండ్రి అక్కడ ఒక చీరల దుకాణంలో గుమాస్తా. సంపాదన అంతంత మాత్రమే. పదమూడేళ్లు వచ్చేసరికే రామానుజన్ లోనీ రచించిన త్రికోణమితి గ్రంథాన్ని ఆమూలాగ్రం చదివేశారు. అది పెద్ద తరగతుల పుస్తకం.

1903లో కుంభకోణం ప్రభుత్వ కళాశాల గ్రంథాలయం నుంచి మరొక పుస్తకం ఆయన చేతికి వచ్చింది. దానిని వ్రాసినవారు జి. ఎస్. కార్. ఆయన లండనులో విద్యార్థులను పరీక్షలకు సిద్ధం చేసే ప్రైవేటు ఉపాధ్యాయుడు. అందులో సుమారు ఐదువేల గణిత సూత్రాలు వరుస సంఖ్యలతో ఉన్నాయి. ఉపపత్తులు మాత్రం చాలాచోట్ల లేవు. ఉన్నచోట కూడ ఒకటి రెండు ముక్కలే. మరొకరైతే విసుగుతో మూసివేసేవారేమో! రామానుజన్ ఒక్కొక్క సూత్రాన్ని తామే నిరూపించుకొంటూ ముందుకు సాగారు. అలా సాగుతుండగా పుస్తకంలో లేని కొత్త సూత్రాలు కూడ తోచసాగాయి.

1904లో ఉపకార వేతనంతో అదే కళాశాలలో ఎఫ్.ఏ. తరగతిలో చేరారు. అక్కడ లెక్కలొక్కటే వస్తే చాలదు. ఇంగ్లీషు, చరిత్ర, శరీరధర్మ శాస్త్రం వంటి పాఠ్యగ్రంథాలు కూడ చదవాలి. ఆయన వాటిని తెరిచిందే తక్కువ. ఇంగ్లీషులో తప్పారు. ఉపకార వేతనం పోయింది. 1905లో ఇంట్లో చెప్పకుండా విశాఖపట్నం వెళ్లిపోయారు. తరువాత మద్రాసు పచ్చయప్ప కళాశాలలో చేరినా ఫలితం మారలేదు. 1907లో మరల ఎఫ్.ఏ. తప్పారు. లెక్కలలో అంతటివానిని చేర్చుకోవడానికి ఆనాటి చదువులో చోటు లేకపోయింది.

కాగితం కొనే స్తోమత లేక ఆయన పలకపై లెక్క చేసి, మోచేతితో తుడిచివేసి, ఫలితాన్ని మాత్రం నోటుపుస్తకంలో వ్రాసుకొనేవారు. కార్ పద్ధతీ అదే కదా! 1912లో మద్రాసు పోర్టు ట్రస్టులో నెలకు 30 రూపాయల గుమాస్తా ఉద్యోగం దొరికింది. 1913 జనవరి 16న తమ ఫలితాలను కేంబ్రిడ్జిలోని హార్డీకి లేఖ ద్వారా పంపారు. ఉపపత్తులు లేని ఆ సూత్రాలను చూసి హార్డీ మొదట సందేహించారు. మిత్రుడు లిటిల్‌వుడ్‌తో కలిసి పరిశీలించి, ఇవి మహామేధావి వ్రాసినవే అని నిశ్చయించుకొన్నారు.

1914లో రామానుజన్ కేంబ్రిడ్జి చేరారు. ఎఫ్.ఏ. గట్టెక్కని ఆయనకు 1916లో పరిశోధన ఆధారంగా అక్కడ పట్టం లభించింది. 1918లో రాయల్ సొసైటీ సభ్యులయ్యారు. ఆ చలిలో, యుద్ధకాలపు ఆహారపు కొరతలో ఆరోగ్యం చెడింది. 1919లో స్వదేశానికి తిరిగివచ్చి, 1920 ఏప్రిల్ 26న, 32 ఏళ్ల వయస్సులో మద్రాసులో కన్నుమూశారు.

ఆయన నోటుపుస్తకాలు 1957లో బొంబాయిలో యథాతథంగా అచ్చయ్యాయి. అందులోని ఫలితాలను పరిశీలించి, ఉపపత్తులు సమకూర్చే పనిని అమెరికా గణితవేత్త బ్రూస్ బెర్ంట్ చేపట్టారు. ఆ కృషి ఐదు సంపుటాలుగా వెలువడింది. మొదటిది 1985లో, చివరిది 1998లో వచ్చాయి.