కొడుక్కి మిగిలిన పిడికిలి

బిడ్డకు పేరు పెట్టేటప్పుడే తండ్రి తన ఆశలను ఆ పేరులో దాచుకుంటాడు. ఇటలీలో ప్రెడాప్పియో ఊరిని ఆనుకుని ఉన్న డోవియా అనే పల్లెలో 1883 జూలై 29న పుట్టిన తన తొలి కొడుక్కి అలెస్సాండ్రో ముస్సోలినీ అనే కమ్మరి ఏకంగా మూడు పేర్లు పెట్టాడు. మెక్సికో అధ్యక్షుడు బెనిటో హువారెజ్ పేరున బెనిటో, విప్లవకారుడు అమిల్కారే చిప్రియానీ పేరున అమిల్కారే, ఇటలీ పార్లమెంటుకు 1882లో ఎన్నికైన తొలి సోషలిస్టు ఆండ్రియా కోస్టా పేరున ఆండ్రియా. మూడూ తండ్రి ఆరాధించిన పోరాటయోధుల పేర్లే!

అలెస్సాండ్రోను దుర్మార్గుడని కొట్టిపారేయలేం. ఆ ప్రాంతంలో వ్యవసాయ కూలీల బతుకులు దుర్భరంగా ఉండేవి. ఆయన వారి పక్షాన మాట్లాడాడు, స్థానిక కౌన్సిల్‌లో పనిచేశాడు, 1902లో ఎన్నికల అల్లర్ల కేసులో కొన్ని నెలలు జైల్లో ఉన్నాడు. ఆయన కోపానికి న్యాయమైన కారణమే ఉంది. కానీ ఆ కోపం వీధిలో ఆగలేదు, ఇంట్లోకీ వచ్చింది. తాగుడు, కొడుకు ఒంటిమీద బెల్టు దెబ్బలు, చర్చి పేరెత్తితే వెటకారం. తల్లి రోసా బడిపంతులమ్మ, భక్తిపరురాలు, ఆమె జీతమే ఇంటికి ఆధారం. కానీ కొలిమి దగ్గర తిత్తి ఊదుతూ, తండ్రి రాజకీయ ప్రసంగాలు వింటూ పెరిగిన బెనిటోకు తల్లి ప్రార్థనకన్నా తండ్రి గర్జనే గొప్పగా తోచింది.

తొమ్మిదేళ్ల వయసులో తల్లి కోరిక మేరకు అతణ్ణి ఫాయెంజాలో క్రైస్తవ గురువులు నడిపే హాస్టల్ స్కూల్లో చేర్చారు. అక్కడ ఫీజును బట్టి పిల్లలకు వేర్వేరు భోజనం బల్లలుండేవి, బెనిటోది పేదల బల్ల. లోకమంతా అన్యాయమేనని తండ్రి చెప్పిన మాట క్రీస్తు పేరిట నడిచే చోటే ఆ పసివాడికి రుజువైంది. ఇది సంఘం తలదించుకోవలసిన విషయం. తోటి విద్యార్థిని కత్తితో గాయపరచడంతో ఆ చదువు అక్కడితో ముగిసింది. వేరే బడిలో చదివి 1901లో టీచరుగా అర్హత పొందినా, అతని మనసు రాజకీయాల్లోనే ఉంది.

1910లో తండ్రి చనిపోయాడు. రెండేళ్లకే కొడుకు సోషలిస్టు పార్టీ పత్రిక ‘అవాంతి’కి సంపాదకుడయ్యాడు. తండ్రి కల నెరవేరిందనిపించింది. కానీ 1914లో యుద్ధాన్ని సమర్థించి పార్టీ నుంచి బహిష్కృతుడయ్యాడు. 1919లో మిలాన్‌లో ఫాసిస్టు ఉద్యమం ప్రారంభించి, 1922 అక్టోబరులో ప్రధాని అయ్యాడు. తండ్రి ప్రాణంగా చూసుకున్నలాంటి కార్మిక సంఘాల కార్యాలయాలను కొడుకు అనుచరులైన నల్లచొక్కాల వాళ్లు తగలబెట్టారు. 1924లో సోషలిస్టు ఎంపీ మత్తెయోత్తీని ఫాసిస్టు ముఠా హత్య చేసింది. మరుసటి జనవరిలో ముస్సోలినీ నియంతృత్వానికి బాహాటంగా తెరతీశాడు. తండ్రి సిద్ధాంతాన్ని కొడుకు పూర్తిగా విసిరేశాడు, తండ్రి పిడికిలిని మాత్రం భద్రంగా దాచుకున్నాడు. పేదలపట్ల జాలి పోయింది, ఎదుటివాణ్ణి కొట్టి లొంగదీయాలన్న పాఠం మిగిలింది. రెండో ప్రపంచ యుద్ధంలోకి దేశాన్ని ఈడ్చి, 1945 ఏప్రిల్ 28న సొంత దేశస్తుల తూటాలకే బలయ్యాడు.

మరి తప్పంతా తండ్రిదేనా? అదే ఇంట్లో పెరిగిన తమ్ముడు అర్నాల్డో మృదుస్వభావి, తల్లిలాగే భక్తిపరుడు. అన్న పత్రికను నడిపి, అన్న పాలనకే కొమ్ముకాశాడన్నదీ నిజమే. అంటే ఇద్దరూ తమతమ దారిని తామే ఎంచుకున్నారు. తండ్రి పాపాన్ని కొడుకు మొయ్యడని, ఎవరి లెక్క వారే దేవునికి అప్పజెప్పాలని యెహెజ్కేలు ప్రవక్త బోధ. అయినా పిల్లలకు కోపం పుట్టించవద్దని అపొస్తలుడైన పౌలు తండ్రులను ప్రత్యేకంగా హెచ్చరించడం ఊరికే కాదు.

హైటెక్ సిటీ, గచ్చిబౌలి అపార్ట్‌మెంట్లలో మనకు కొలిములు లేవు. కానీ అర్ధరాత్రి దాకా అమెరికా కాల్స్‌లో నలిగి, ఆ చిరాకుతోనే పిల్లల ముందు కూర్చునే తండ్రులున్నారు. మంచి స్కూలు, ఖరీదైన కోచింగ్, ఆదివారం సండేస్కూల్ అన్నీ ఇస్తున్నాం, సంతోషమే. అయితే మేనేజరు గురించి, వాచ్‌మన్ గురించి, పనిమనిషి గురించి, వేరే కులం, మతం వారి గురించి మనం ఏ గొంతుతో మాట్లాడుతున్నామో కూడా పిల్లలు వింటున్నారు. మన నమ్మకాలను రేపు వాళ్లు వదిలేయవచ్చు, ఆ గొంతు మాత్రం వాళ్లకు వచ్చేస్తుంది. అన్యాయాన్ని చూసి కోపగించడం పిల్లలకు తప్పక నేర్పుదాం. కోపంలో ఉన్నప్పుడు కూడా ఎదుటివాడు దేవుని స్వరూపంలో చేయబడిన మనిషేనన్న సంగతి మరచిపోకుండా బతకడం ఎలాగో ఈ రాత్రి భోజనాల దగ్గరే మనం చేసి చూపిద్దాం.