అడా రాసిన ఇరవై ఐదు మెట్లు

మినీ ప్రాజెక్టు రివ్యూకి ముందు రాత్రి ఏఐకి ఒక్క లైన్ కొట్టాను: హాస్టల్లో లేని రోజులకి మెస్ బిల్లు తగ్గించే యాప్ చెయ్యమని. నిమిషంలో కోడ్ వచ్చింది, రన్ కూడా అయింది. తెల్లారి మేడమ్ ఒకటే అడిగారు. శుక్రవారం మధ్యాహ్నం భోంచేసి ఊరెళ్ళి, ఆదివారం రాత్రి భోజనానికి వచ్చినవాడికి ఎన్ని రోజులు తగ్గిస్తారని. యాప్ మూడంది. నా టీమ్‌మేట్ రెండన్నాడు. నేను ఒకటన్నాను. మార్కులు పోయాయి, కోపమంతా ఏఐ మీదకి మళ్ళింది. ఆ కోపంలో ఏదేదో చదువుతుంటే అడా లవ్‌లేస్ కథ దొరికింది.

అడా 1815 డిసెంబర్ 10న లండన్‌లో పుట్టింది. తండ్రి ప్రఖ్యాత కవి లార్డ్ బైరన్. పాపకి నెల దాటగానే తల్లి ఆయన్ని వదిలి వచ్చేసింది. తండ్రి పోకడలు అంటకూడదని కూతురికి పట్టుబట్టి లెక్కలు నేర్పించింది. కొన్నాళ్ళు ఉత్తరాల ద్వారా పాఠాలు చెప్పిన డి మోర్గాన్ పుట్టింది మన మదురైలోనే. డిజిటల్ లాజిక్‌లో మనం బట్టీపట్టే సూత్రాలు ఆయనవే.

1833లో, పదిహేడేళ్ళప్పుడు, ఆమెకి చార్లెస్ బాబేజ్ పరిచయమయ్యాడు. ఆయన తర్వాత ఊహించిన ఎనలిటికల్ ఇంజిన్‌కి చిల్లులు పొడిచిన కార్డులతో ఆజ్ఞలివ్వాలి. దాని గురించి ఇటలీ ఇంజనీర్ మెనాబ్రియా 1842లో ఫ్రెంచిలో ఒక వ్యాసం రాశాడు. అడా దాన్ని ఇంగ్లీషులోకి తెచ్చి, 1843లో తన నోట్సుతో కలిపి అచ్చువేయించింది. ఆ నోట్సు అసలు వ్యాసానికి దాదాపు మూడింతలు!

చివరి నోట్‌లో బెర్నూలీ సంఖ్యల పట్టిక ఉంది. సంఖ్యలు కనుక్కో అని ఊరుకోలేదామె. ఏ గడిలోంచి ఏ అంకె తీయాలి, ఏం చేయాలి, జవాబు ఎక్కడ పెట్టాలి అన్నది 25 మెట్లుగా విడగొట్టింది. బాబేజ్ పంపిన లెక్కలో పెద్ద తప్పు పట్టుకుంది కూడా. అయినా అచ్చయిన పట్టికలో నాలుగో మెట్టు దగ్గర భాగహారం తలకిందులైంది. ఆ యంత్రం తయారై ఉంటే, ఆ తప్పునీ అంతే నమ్మకంగా చేసుకుపోయేది. కానీ అది ఎప్పటికీ పూర్తికాలేదు.

యంత్రం సొంతంగా ఏదీ పుట్టించదు, ఎలా చేయించాలో మనకి తెలిసినదే చేస్తుందని ఆమె ఆ నోట్‌లోనే తేల్చింది. యంత్రాలు తనని తరచూ ఆశ్చర్యపరుస్తాయని 1950లో ట్యూరింగ్ దానికి ఎదురు వాదించాడు. నిజమే, మా యాప్ నన్నూ బాగానే ఆశ్చర్యపరిచింది. బాబేజ్ యంత్రానికి మెట్టు చెప్పకపోతే కదలదు. ఇప్పటి ఏఐ ఆగదు, చెప్పని చోట ఏదో ఒకటి అనుకుని నింపేస్తుంది. అందుకే ఖాళీ ఎక్కడుందో మనకి కనబడదు.

1852 నవంబర్ 27న క్యాన్సర్‌తో అడా చనిపోయింది. తండ్రిలాగే ముప్పై ఆరేళ్ళకే. ఆమె కోరిక ప్రకారం, ఊహ తెలిశాక ఎన్నడూ చూడని ఆ తండ్రి పక్కనే పాతిపెట్టారు.

మేం ఈసారి ల్యాప్‌టాప్ మూసి మెస్ ఇన్‌చార్జ్ దగ్గరికెళ్ళాం. పూర్తి రోజు లేకపోతేనే తగ్గింపట, అదీ ముందురోజు రిజిస్టర్‌లో సంతకం పెడితేనే. ఆ సంతకం సంగతి ఏఐకే కాదు, మాకూ తెలీదు. అడిగి అడిగి కాగితం మీద పదకొండు రూల్స్ రాసుకున్నాం. అవి ఇస్తే ఏఐ సరిగ్గానే కోడ్ రాసింది. పన్నెండోది ఉందేమో, వచ్చే రివ్యూలో మేడమ్ అడిగితే గానీ తెలీదు.