చరిత్రాచార్యులు నీలకంఠశాస్త్రిగారు

మలేషియాలో పుట్టి పెరిగిన మన పిల్లలందరికీ కెడా రాష్ట్రం తెలుసు. అదే సీమను వెయ్యేళ్ళనాడు తమిళ శాసనాలలో కడారమనే వారన్న సంగతి ఎందరికి తెలుసు? దక్షిణ భారతానికీ ఈ ద్వీపకల్పానికీ మధ్య జరిగిన ఆ పాతకాలపు రాకపోకలను శాసనాల ఆధారంతో వివరించిన పండితులలో ముఖ్యులు ఆచార్య కె. ఏ. నీలకంఠశాస్త్రిగారు.

శాస్త్రిగారు 1892 ఆగస్టు 12న తిరునెల్వేలి దగ్గరి కల్లిడైకురిచ్చి గ్రామంలో జన్మించారు. వారిది తమిళదేశంలో స్థిరపడిన తెలుగు నియోగి కుటుంబమని చెబుతారు. తిరునెల్వేలి హిందూ కళాశాలలోను, మద్రాసు క్రైస్తవ కళాశాలలోను చదివి ఎం.ఏ. పట్టా పొందారు. 1913లో తాము చదివిన హిందూ కళాశాలలోనే అధ్యాపకులుగా చేరారు. 1918 నుంచి రెండేళ్ళు కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో చరిత్ర బోధించారు. 1929లో సాక్కోట్టై కృష్ణస్వామి అయ్యంగారి తరువాత మద్రాసు విశ్వవిద్యాలయంలో భారతీయ చరిత్ర, పురాతత్వ శాఖ ఆచార్యపదవిని స్వీకరించి, 1946 వరకు ఆ పీఠాన్ని అలంకరించారు.

ఆ రోజుల్లో భారతదేశ చరిత్ర అంటే గంగా తీరపు రాజ్యాల చరిత్రే. దక్షిణాదికి చివర ఏవో నాలుగు పుటలు మిగిలేవి. దేవాలయాల గోడలమీద వేలకొద్దీ శాసనాలున్నా వాటిని ఒక క్రమంలో పెట్టి కథ అల్లిన వారు బహు కొద్దిమంది. శాస్త్రిగారు ఆ పనికి పూనుకున్నారు. 1929లో పాండ్యరాజ్య చరిత్ర వెలువడింది. 1935, 1937 సంవత్సరాలలో చోళుల చరిత్ర రెండు సంపుటాలుగా వచ్చింది. ఆ గ్రంథాలలో రాజుల యుద్ధాలతోపాటు గుడిలో దీపానికి గొర్రెలను దానమిచ్చిన సామాన్యులు, చెరువు మరమ్మతుకు ధనమిచ్చిన వర్తకులు కూడా కనిపిస్తారు. పరాంతక చోళుని కాలంలో, 919, 921 సంవత్సరాలలో చెక్కిన ఉత్తరమేరూరు శాసనాలను ఆయన క్షుణ్ణంగా పరిశీలించారు. పేర్లు వ్రాసిన ఆకులను కుండలో వేసి, చిన్న బాలునిచేత తీయించి గ్రామసభ సంఘాలను ఎన్నుకునే పద్ధతి ఆ శాసనాలలో ఉంది.

ఆయన దృష్టి సముద్రం దాటి కూడా సాగింది. థాయిలాండు దక్షిణ భాగంలోని తకువాపాలో దొరికిన తమిళ శాసనం ఒక చెరువును గురించి చెబుతుంది. సుమత్రాలోని బారుస్ దగ్గర దొరికిన 1088 నాటి శాసనం ఒక వర్తక సంఘాన్ని పేర్కొంటుంది. ఈ రెండింటినీ పరిశీలించి శాస్త్రిగారు వ్యాసాలు వ్రాశారు. మెగస్తనీసు మొదలు మా హువాన్ వరకు విదేశీయులు దక్షిణ భారతాన్ని గురించి వ్రాసిన సంగతులను 1939లో ఒక్కచోట చేర్చారు. శ్రీవిజయ సామ్రాజ్యంపై ఇచ్చిన ఉపన్యాసాలు 1949లో పుస్తకంగా వెలువడ్డాయి.

ఇక్కడే ఆయన నిగ్రహాన్ని గమనించాలి. రాజేంద్ర చోళుడు 1025 ప్రాంతంలో నౌకాసైన్యంతో కడారాన్ని జయించినట్లు తంజావూరు శాసనం ఘనంగా చాటుతున్నది. దీన్ని చూసి చోళులు ఈ దేశాలన్నిటినీ ఏలారని గొప్పగా చెప్పుకోవడం సులభం. శాస్త్రిగారు అలా అనలేదు. వర్తకానికి అడ్డు తగిలినందువల్లనో, లేక దిగ్విజయ కాంక్షవల్లనో ఆ దండయాత్ర జరిగి ఉండవచ్చునన్నారు. శాశ్వతమైన పరిపాలన ఏర్పడినట్లు ఆధారం లేదన్నారు. అంతకు కొద్దికాలం ముందు శ్రీవిజయ రాజు నాగపట్టణంలో బౌద్ధ విహారం కట్టించగా, రాజరాజ చోళుడు దానికి ఒక గ్రామాన్ని దానమిచ్చిన సంగతిని కూడా అంతే శ్రద్ధతో వివరించారు. మన పూర్వుల కీర్తి అయినా సరే, ఆధారం ఎంతవరకుంటే అంతవరకే చెప్పాలన్నది ఆయన పద్ధతి.

ఆంధ్రుల చరిత్రకు కూడా వారి సేవ తక్కువది కాదు. నేలటూరి వెంకటరమణయ్యగారితో కలిసి విజయనగర చరిత్రకు సంబంధించిన ఆధారాలను మూడు సంపుటాలుగా 1946లో ప్రకటించారు. అందులో తెలుగు మూలాలు అనేకం ఉన్నాయి. మౌర్యుల, శాతవాహనుల యుగంపై 1957లో వచ్చిన బృహద్గ్రంథానికి ఆయనే సంపాదకులు.

అంతటి పండితునికీ ఒక లోటుండేది. ఆయన గ్రంథాలు ఇంగ్లీషులో ఉన్నాయి. దేశభాషలలో కంటే ఇంగ్లీషులో భావాలు చెప్పడమే తమకు సులువన్న అభిప్రాయాన్ని 1915లో ఒక పత్రికలో వెలిబుచ్చగా, మహాకవి సుబ్రహ్మణ్య భారతి తీవ్రంగా విమర్శించారు. తమిళ ప్రాచీన గ్రంథాల అర్థానికి శాస్త్రిగారు వైయాపురి పిళ్ళైగారి మీద ఆధారపడేవారని తరువాతి చరిత్రకారులు చెప్పారు. శాసనం ఎదుట ఉన్నా, అందులోని భాష తెలిస్తేనే కదా అది పలికేది!

1952 నుంచి 1955 వరకు మైసూరు విశ్వవిద్యాలయంలో ఆచార్యులుగా ఉన్నారు. 1957లో భారత ప్రభుత్వం పద్మభూషణ్ బిరుదమిచ్చింది. ఆ సంవత్సరం నుంచే 1972 వరకు మద్రాసులో యునెస్కో తోడ్పాటుతో నడిచిన, ఆగ్నేయాసియా సంప్రదాయ సంస్కృతుల సంస్థకు సంచాలకులుగా ఉన్నారు. ఎనభై ఏళ్ళ వయస్సు వచ్చేదాకా మన ఈ ప్రాంతాల సంస్కృతి మీదనే ఆయన మనసు నిలిచి ఉంది. 1975లో కీర్తిశేషులయ్యారు.

మన తాతముత్తాతలు రాజుల నౌకలలో రాలేదు. కూలి ఓడలెక్కి వచ్చి రబ్బరు తోటలలో, కొబ్బరి తోటలలో చెమటోడ్చారు. వారి పేర్లు ఏ గుడిగోడ మీదా చెక్కి లేవు. పెట్టెల అడుగున ఉన్న పాత ఉత్తరాలు, ఓడ కాగితాలు, భజనమందిరాల చందా పుస్తకాలే మన శాసనాలు. వాటిని భద్రపరచడం ఒక పని. వాటిలోని తెలుగును చదవగలిగేలా మన పిల్లలకు అక్షరాలు నేర్పడం రెండవ పని. ఈ రెండూ మన ఇళ్ళలో జరిగితే, నీలకంఠశాస్త్రిగారి వంటి చరిత్రకారుడు రేపు మన కథ వ్రాయడానికి వచ్చిననాడు అతనికి ఆధారాలు కరువుకావు.