గగనవీధిలో తలపాగా: సర్దార్ హర్దిత్ సింగ్ మాలిక్

1914లో మొదటి ప్రపంచ సంగ్రామం ఆరంభమయ్యేనాటికి విమానం పుట్టి నిండా పదకొండేళ్లు కాలేదు. కర్రతో కట్టిన చట్రం, దానిపై బిగించిన గుడ్డ, ముందు ఒక ఇంజను. ఇంతే ఆనాటి యుద్ధవిమానం. బ్రిటిష్ వైమానికులకు పారాచ్యూటు సైతం ఇచ్చేవారు కారు. గాలిలో నిప్పంటుకుంటే ప్రాణంపై ఆశ వదులుకోవలసిందే. అటువంటి యంత్రంలో శత్రువుతో పోరాడి, గాయపడి, బ్రతికి, తొంభై ఏళ్ల పండు వయస్సు వరకు ఆనాటి ముచ్చట్లను తరువాతి తరాలకు వినిపించిన భారతీయుడు సర్దార్ హర్దిత్ సింగ్ మాలిక్. ఆయన జీవితగాథలో శౌర్యం ఒక పాలు మాత్రమే. స్వధర్మాన్ని వదలకుండానే తన స్థానాన్ని సంపాదించుకోవడం రెండవ పాలు. విద్యార్థులు ముఖ్యంగా గ్రహించవలసినది ఈ రెండవ దానినే.

మాలిక్ 1894 నవంబరు 23న రావల్పిండిలో సంపన్న సిక్కు కుటుంబంలో జన్మించారు. పద్నాలుగేళ్ల ప్రాయంలో చదువు నిమిత్తం ఇంగ్లండు వెళ్లారు. ఈస్ట్‌బోర్న్ కళాశాలలో, పిమ్మట ఆక్స్‌ఫర్డ్‌లోని బేలియల్ కళాశాలలో విద్యాభ్యాసం సాగింది. క్రికెట్, గోల్ఫ్ ఆటలలో ఆయన దిట్ట. 1914లో ససెక్స్ జట్టు పక్షాన ఆడారు. ఆ వేసవిలోనే యుద్ధం వచ్చిపడింది. తోటి విద్యార్థులు ఒక్కొక్కరే సైన్యంలో అధికారులుగా చేరిపోయారు. మాలిక్ కూడా ముందుకు వచ్చారు గాని, ఆయనకు ఆ అవకాశం దొరకలేదు. భారతదేశం నుండి పదిలక్షలకు మించిన జనం ఆ యుద్ధంలో సేవ చేశారు. అయినను సైనికుడుగా తుపాకి పట్టడానికి పనికివచ్చిన భారతీయుడు, ఆంగ్ల సైనికులపై అధికారిగా నిలబడడానికి పనికిరాడని నాటి ప్రభుత్వం తలచింది.

నిరాశపడి కూర్చునే స్వభావం కాదు ఆయనది. చదువు ముగించుకుని, 1916లో ఫ్రెంచి రెడ్‌క్రాస్ సంస్థలో చేరి, గాయపడిన ఫ్రెంచి సైనికులను ఆస్పత్రులకు చేరవేసే మోటారు బండి నడిపారు. అక్కడ ఉండగానే ఆయన మనస్సు విమానాలపైకి మళ్లింది. ఫ్రెంచి వైమానిక దళంవారు ఆయనను చేర్చుకోవడానికి సుముఖత చూపారు. ఈ సంగతి ఆక్స్‌ఫర్డ్‌లో ఆయన గురువైన ఫ్రాన్సిస్ ఉర్కుహార్ట్‌కు తెలిసింది. బ్రిటిష్ సామ్రాజ్యపు ప్రజ అయిన యువకుడు, తనవారు కాదన్నందున పరాయి దేశపు సైన్యంలో చేరవలసిరావడం సిగ్గుచేటని ఆ గురువు భావించారు. బ్రిటిష్ వైమానిక దళాధిపతి జనరల్ హెండర్సన్‌కు ఉత్తరం వ్రాశారు. తత్ఫలితంగా 1917 ఏప్రిల్‌లో మాలిక్ రాయల్ ఫ్లయింగ్ కోర్‌లో అధికారిగా నియమితులయ్యారు. శిష్యుని పక్షాన గురువు వ్రాసిన ఒక్క ఉత్తరం, ఒక జాతికే నిషిద్ధమైన స్థానాన్ని ఒక యువకునికి సంపాదించి పెట్టింది.

శిక్షణలో మరొక చిక్కు ఎదురైంది. వైమానికులు తోలు శిరస్త్రాణం ధరించాలి. తలపాగా సిక్కు మతస్థుని నిత్యధారణం. మాలిక్ తలపాగా తీయలేదు, శిరస్త్రాణాన్నీ కాదనలేదు. తలపాగా మీదుగా పట్టే పెద్ద శిరస్త్రాణాన్ని ప్రత్యేకంగా తయారు చేయించుకున్నారు. ఆ ఆకారాన్ని చూచి తోటివారు ఎగిరే భూతమని పరిహాసమాడేవారు. ఆ పరిహాసానికి ఆయన నొచ్చుకోలేదు, తన ఆచారాన్ని మార్చుకోనూ లేదు. ఆయన నడిపినది సాప్‌విత్ కేమెల్ అనే విమానం. పోరాటంలో ఎంత చురుకైనదో, నడపడంలో అంత మొండిది. శిక్షణలోనే ఎందరో యువకులను పొట్టనబెట్టుకున్నది.

1917 అక్టోబరులో 28వ స్క్వాడ్రన్‌తో కలిసి ఆయన యుద్ధరంగానికి చేరారు. ఆ నెల 26వ తేదీ వాతావరణం ఏమాత్రం బాగులేదు. ఆకాశమంతా మబ్బులు, వాన. నాయకుడు విలియం బార్కర్ వెంట కొద్దిమంది వైమానికులు శత్రుభూభాగం మీదికి సాగారు. మాలిక్ వారిలో ఒకరు. జర్మన్ విమానాలు చుట్టుముట్టాయి. వెనుకనుండి వచ్చిన తూటా ఆయన కాలిలో దిగింది. కాల్చినవానిని ఆయన తిరిగి కూల్చివేశారు గాని, అంతలో సహచరుల నుండి విడిపోయారు. నాలుగు శత్రువిమానాలు వెంటపడ్డాయి. పెట్రోలు తొట్టికి రంధ్రం పడింది. నేలకు అతి సమీపంగా, వంకరటింకరగా ఎగురుతూ, రక్తం కారుతున్న కాలితోనే ఆయన తమ సైన్యరేఖలు దాటి, అక్కడ నేలకూలి స్పృహ కోల్పోయారు. ఆ విమానంలో నాలుగు వందలకు పైగా తూటా రంధ్రాలు లెక్కకు వచ్చాయి. కాలిలో దిగిన తూటాల శకలాలు జీవితాంతం ఆయనలోనే ఉండిపోయాయి.

ఆనాటి ఘట్టాన్ని తరువాత చెప్పినప్పుడు మాలిక్ తన నేర్పును పొగడుకోలేదు. కాలం తీరని మనిషిని ఎవరూ చంపలేరన్న నమ్మకం ఆ క్షణాలలో తనకు కలిగిందని మాత్రమే చెప్పారు. ఆస్పత్రి నుండి బయటపడి మరల విధులలో చేరారు. అప్పుడు విచిత్రమైన అడ్డంకి వచ్చింది. ఆ విమానాల ఇంజన్లకు ఆముదమే కందెన. ఎగురుతున్నంతసేపు ఆ నూనె తుంపరలు వైమానికునిపై పడుతూ ఉండేవి. అది ఆయన శరీరానికి సరిపడలేదు. అందుచేత వేరు రకం విమానాలు గల దళానికి మారి, యుద్ధాంతం వరకు సేవ చేశారు.

ఆ యుద్ధంలో ఆకాశాన పోరాడిన భారతీయులు వ్రేళ్లమీద లెక్కించదగినవారు. ఇంద్రలాల్ రాయ్ పది విజయాలు సాధించి, 1918 జూలైలో పందొమ్మిదేళ్లకే నేలకొరిగాడు. వెలింకర్ కూడా ఆ ఏడే ప్రాణాలు కోల్పోయాడు. ఎరల్ సేన్ శత్రువులకు బందీగా చిక్కాడు. ఆ సందర్భంలోనే మన హైదరాబాదు పేరు కూడా ఆకాశానికి ఎక్కింది. నిజాం ఉస్మాన్ అలీఖాన్ ఇచ్చిన ధనంతో సమకూడిన విమానాలతో 110వ స్క్వాడ్రన్ 1918లో ఫ్రాన్సు చేరింది. అందువల్లనే ఆ దళానికి హైదరాబాదు స్క్వాడ్రన్ అని పేరు. భారతదేశపు ధనాన్ని స్వీకరించడానికి జంకని సామ్రాజ్యం, భారతీయుని విమానంలో కూర్చుండబెట్టడానికి ఎంత సంకోచించిందో మాలిక్ చరిత్ర తెలుపుతున్నది. భారత వైమానిక దళం ఏర్పడింది 1932లో గదా!

యుద్ధానంతరం మాలిక్ ఐ.సి.ఎస్.లో చేరారు. 1944 నుండి పాటియాలా సంస్థానపు ప్రధానమంత్రిగా పనిచేశారు. 1947లో దేశవిభజన జరిగి, ఆయన పుట్టిన రావల్పిండి సరిహద్దుకు ఆవల ఉండిపోయింది. స్వతంత్ర భారతదేశం ఆయనను కెనడాకు తొలి హైకమిషనరుగా పంపింది. 1949లో ఫ్రాన్సు దేశానికి రాయబారి అయ్యారు. ఏ నేలమీద ఒకనాడు క్షతగాత్రులను మోసే బండి నడిపారో, ఆ నేలమీదనే స్వతంత్ర జాతి ప్రతినిధిగా నిలబడ్డారు. 1985 అక్టోబరు 31న కన్నుమూశారు. ఆయన స్మృతుల గ్రంథం అటుపిమ్మట వెలువడింది.

విద్యార్థులారా! అల్పసంఖ్యాక వర్గాల యువకులకు ఒక సందేహం తరచు కలుగుతూ ఉంటుంది. పెద్ద లోకంలో ప్రవేశించాలంటే తన వేషాన్ని, భాషను, ఆచారాన్ని గడప బయటనే విడిచిపెట్టాలా అని. మాలిక్ జీవితం దానికి సమాధానం చెబుతున్నది. ఆయన శిరస్త్రాణానికి తగినట్లు తలపాగాను కుదించలేదు. తలపాగాకు తగినట్లు శిరస్త్రాణాన్ని కుట్టించుకున్నారు. అయితే అది ధరించిన తరువాత అందరితో సమానంగా ఎగిరారు, అందరితో సమానంగా గాయపడ్డారు. ఆచారాన్ని నిలుపుకోవడం హక్కు. దానికి తోడుగా సామర్థ్యాన్ని సంపాదించుకోవడం మన విధి. అట్టి శిష్యుల పక్షాన కలం పట్టి రెండు వాక్యాలు వ్రాయడం గురువుల విధి.